హాజరు పట్టీయు మంద లెక్కయు

ధ్యాన భాగములు: లూకా 15:3–7, మత్తయి 20:1–16



మన పల్లెలలో సాయంకాలమున మంద దొడ్డి చేరునప్పుడు కాపరి లెక్క చూడకుండ తడిక వేయడు. ఒక్కటి తగ్గినను ఆ రాత్రి అతనికి నిద్ర రాదు. అయితే ఆ మంద వెంట కొండకు పోయిన పిల్లవాని పేరు ఆ ఉదయము బడిలో పిలువబడినది, జవాబు రాలేదు. గొఱ్ఱెలన్నియు లెక్కకు వచ్చినవి, పిల్లవాడు రాలేదు. ఈ లెక్క ఎవరు చూడవలెను?

బడి హాజరు సంగతి సర్కారు సంగతి గాని సంఘము సంగతి కాదని కొందరందురు. బడికి రాని బిడ్డ విషయమై దేవుని యెదుట జవాబుదారి ఎవరు అను ప్రశ్న మనలను విడువదు గనుక, ఈ నెల దానిని ధ్యానింతము.

చట్టము తన మాట చెప్పినది. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 సంవత్సరముల వయస్సుగల ప్రతి బిడ్డకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చినది. బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల బాధ్యత అని చెప్పినది. మన రాష్ట్రమున 2020లో ఆరంభమైన అమ్మ ఒడి పథకము తల్లులకు ఏటా 15,000 రూపాయలు ప్రకటించి, బిడ్డకు నూటికి 75 వంతుల హాజరు ఉండవలెనను షరతు పెట్టినది. ఇట్టి నియమములు మంచివే. అయినను మనుష్య హృదయము ఎట్టిదనగా, మేలు కొరకు గీసిన గీతను సాకుగా మార్చుకొనును. "75 నిండినవి గదా, ఇక మానినను నష్టమేమి?" అని లెక్కించు తండ్రి నియమమును తప్పలేదు, గాని బిడ్డను తప్పించెను.

మన సీమ స్థితి కూడ చూడవలెను. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు సముద్రపు వానలు ఇంత దూరము వచ్చుసరికి సన్నగిల్లును. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే మన అనంతపురము మెట్టకు దక్కును. బడులు తెరచునది జూన్‌లో. వేరుసెనగ విత్తునది జూన్, జూలై నెలలలో. కాయ పెరుకు కాలము బడి నడుమ వచ్చును. వాన తప్పిన యేట కదిరి, కళ్యాణదుర్గము, రాయదుర్గము వైపు పల్లెల నుండి కుటుంబములు మూట గట్టుకొని బెంగళూరు చేరును. అప్పుడు హాజరు పట్టీలో ఆ బిడ్డ పేరునకు ఎదుట పడిన గుర్తు, జాతరకు పోయి మానిన బిడ్డ పేరునకు ఎదుట పడిన గుర్తు ఒక్కటే. పట్టీకి ఆ భేదము తెలియదు. మనకు తెలియును.

కాబట్టి రెంటిని వేరుచేసి చూతము. పెండ్లికని వారము, చుట్టములు వచ్చిరని రెండు దినములు, రాత్రి పొద్దుపోవువరకు ఫోను చూచి ఉదయము లేవక ఆలస్యము, చెల్లెలిని ఎత్తుకొనుటకు పెద్దదానిని బడి మాన్పించుట — వీటిలో కొన్ని నిర్లక్ష్యము, కొన్ని అలవాటు, కొన్ని ఆడపిల్లను తక్కువగా చూచుట. వీటిని మనము ఒప్పుకొని విడువవలెను. ఆకలిచే ఊరు విడిచినవాని సంగతి వేరు. వానిని నిందించుట సులభము, గాని అది న్యాయము కాదు.

ద్రాక్షతోట యజమానుని ఉపమానము మనకిక్కడ బోధించును. దినము ముగియవచ్చినప్పుడు వీధిలో నిలిచిన కూలివారిని ఆయన చూచెను. సోమరులని తీర్పు తీర్చక, ఎందుకు నిలిచితిరని మొదట అడిగెను. ఎవరును తమను కూలికి పెట్టుకొనలేదని వారు చెప్పగా, వారిని కూడ తోటకు పంపెను. నీళ్లు మోసి ఆలస్యముగా వచ్చిన బాలికను వాకిట నిలువబెట్టుటకు ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగినయెడల ఎంత మేలు!

అయితే ఒకరు అడుగవచ్చును: "ప్రతి కారణమును మన్నించినయెడల నియమమేల? అందరును కారణము చెప్పుదురు గదా?" ఇది తోసివేయదగిన మాట కాదు. ఏలయనగా కారణము మంచిదైనను నష్టము నష్టమే. వలసపోయి రెండు నెలలకు వచ్చిన పిల్లవాడు తన చోటనే కూర్చుండును, గాని పాఠము అతనిని విడిచి ముందుకు పోయినది. భిన్నములు తెలియక తలవంచును; తలవంచినవాడు సిగ్గుపడును; సిగ్గుపడినవాడు మరునాడు రాడు. ఈలాగు అవసరము వలన కలిగిన గైరుహాజరు కడకు బడి మానుటగా ముగియును. కనికరము నిందను తీసివేయగలదు, గాని పోయిన పాఠమును తిరిగి ఇయ్యలేదు. దానికి క్రియ కావలెను.

తప్పిపోయిన గొఱ్ఱె కాపరిని చూడుడి. అతడు లెక్కించెను గనుకనే ఒకటి తక్కువైనదని ఎరిగెను. లెక్క లేనిదే వెదకుట లేదు. గాని లెక్కించి కూర్చుండినయెడల అతడు కాపరి కాడు. హాజరు పట్టీ తీర్పు పుస్తకము కాదు. అది వెదకుటకు మొదటి అడుగు. నియమము లేని కనికరము బిడ్డను చీకటిలో విడుచును. వెదకుట లేని నియమము బిడ్డను వెలుపల విడుచును.

పూర్వము గుత్తి, అనంతపురము ప్రాంతములలో లండన్ మిషను వారు పల్లె బడులు నడిపిన దినములలో, పలుచోట్ల పగలు బడి చెప్పిన ఉపదేశకుడే సాయంకాలము ప్రార్థన నడిపెను. బడికి రానివాని ఇల్లు ఆయన ఎరుగును. ఇప్పుడు బడి వేరు, మందిరము వేరు. ఆ ఎరుక మాత్రము మనకు తప్పిపోకూడదు.

మనము చేయగలిగినవి కలవు. వలసపోవు కుటుంబపు బిడ్డను అవ్వ యొద్దనో, సంఘములోని మరియొక ఇంటనో ఉంచుకొని బడికి పంపవచ్చును. వెంట తీసికొనిపోక తప్పనప్పుడు, బదిలీ పత్రము ఆలస్యమైనదని ఏ సర్కారు బడియు చేర్చుకొనుట ఆపరాదని చట్టము చెప్పుచున్నదని వారికి తెలుపవలెను. తిరిగి వచ్చిన బిడ్డకు చదువుకొన్న మన యౌవనులు సాయంకాలము మందిరములో దీపము క్రింద పోయిన పాఠములు చెప్పవలెను. బడి యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెను, సగము స్త్రీలు ఉండవలెను. అక్కడ మన తల్లులు నోరు విప్పవలెను.

ఈ ఆదివారము కానుక లెక్కించిన తరువాత, పెద్దలు మరియొక లెక్క చూడవలెను: మన పిల్లలలో ఈ నెల బడికి రానివారెవరు, వారి ఇంటికి పోయినవారెవరు? తప్పినదానిని వెదకి భుజములమీద మోసికొనివచ్చిన కాపరి మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.