చర్మకారుని ఇంట అతిథి

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 9:43 నుండి 11:18 వరకు, గలతీయులకు 2:11-14



పేతురు కొర్నేలీ ఇంటికి వెళ్లిన సంగతి మన సంఘములలో ఎరుగనివారు లేరు. ఆదివారపు బడి పిల్లలు సహితము ఆకాశమునుండి దిగిన దుప్పటి బొమ్మను గీయగలరు. అయితే మనము ఆ కథను దుప్పటితో మొదలుపెట్టెదము. లూకా అట్లు మొదలుపెట్టలేదు. పేతురు యొప్పేలో ఎవరి ఇంట దిగియుండెనో మొదట చెప్పెను. ఆ ఇంటివాని పేరు సీమోను; అతని వృత్తి తోళ్లు ఊనుట. ఈ మాట ఒకసారి చెప్పి లూకా ఊరకుండలేదు. తొమ్మిదవ అధ్యాయము చివర ఒకసారి, పదియవ అధ్యాయములో మరి రెండుసార్లు చెప్పెను. ఆ ఇల్లు సముద్రపు దరిని ఉండెననియు చెప్పెను.

మన పల్లెలలో పుట్టినవారికి దీని భావమును వివరింపనక్కరలేదు. లంద వాసన ఎట్టిదో, తంగేడు చెక్క నానిన నీటిలో చేతులు పెట్టిన మనిషిని ఊరు ఏ చూపు చూచెనో మన తాతలు ఎరుగుదురు. యూదులలోను అట్లే యుండెను. చచ్చిన జంతువును ముట్టినవానికి మైల అని ధర్మశాస్త్రము చెప్పుచుండగా, దినమంతయు తోళ్లతోనే బ్రదుకువానిని పెద్దలు దగ్గరకు రానిత్తురా? సముద్రపు దరిని ఇల్లు కట్టుకొనుట గాలి కొరకు గాదు, ఊరివారి ముక్కుల కొరకేయని మేము తలంచుచున్నాము.

పేతురు అచ్చట అనేక దినములు ఉండెను. ఆ ఇంటి అన్నము తినెను. ఆ ఇంటి మిద్దెమీదనే ప్రార్థనకు ఎక్కెను. దేవుడు అతనికి దర్శనము చూపినది దేవాలయములో కాదు. లంద వాసన వచ్చు ఆ మిద్దెమీదనే. మొదట తోళ్లవాని ఇంట చాప పరచుకొనినవాడు గనుకనే, పిమ్మట రోమా శతాధిపతి గుమ్మము ఎక్కుటకు అతనికి కాళ్లు వచ్చినవి.

కొర్నేలీ మారుమనస్సు అని ఈ భాగమునకు మనము పేరు పెట్టుకొంటిమి. నెమ్మదిగా చదివి చూడుడి. కొర్నేలీ అప్పటికే ప్రార్థన చేయువాడు, బీదలకు ధర్మము చేయువాడు. దూత ఒక్కసారి చెప్పగానే మనుష్యులను పంపెను. ముమ్మారు కాదన్నవాడు ఎవడు? ప్రభువుతో కూడ తిరిగిన పేతురే. మూడేండ్లు ఆయన పాదములయొద్ద నేర్చుకొనినను పట్టుబడని పాఠము ఒక అన్యుని గుమ్మములో పట్టుబడెను. దేవుడు ఒక్క జనమునకే చెందినవాడు కాడని అతడు నోరు తెరచి ఒప్పుకొనెను. ఒప్పుకొని వెంటనే తిరిగి రాక, కొన్ని దినములు ఆ ఇంట ఉండెను. విశ్వాసికి కావలసిన పాఠములు కొన్ని తనవారియొద్ద దొరకవు. వాటిని దేవుడు ఇతరుల ఇంట దాచియుంచును.

ఇచ్చట ఒక మాట. కొత్తదంతయు మంచిదని మేము చెప్పుటలేదు. క్రొత్త సంగతి చెప్పుకొనుటకో వినుటకో తప్ప మరి దేనికిని తీరిక లేని ఏథెన్సువారిని గూర్చి అదే గ్రంథము పదునేడవ అధ్యాయములో చదువుచున్నాము. మనలోను అట్టివారు గలరు. ఏ పట్టణములో ఏ కూటము జరిగినను బస్సెక్కుదురు. పేరుగల ప్రసంగికులందరిని చూచివత్తురు. తమ వీధి చివర ఉన్నవాని పేరు మాత్రము ఎరుగరు. ఊళ్లు తిరుగుట వేరు, మనిషిని కలిసికొనుట వేరు.

మన ప్రాంతమునకు సువార్త వచ్చిన విధమును తలంచుకొనుడి. ఒంగోలు ప్రాంతమున ఎర్రగుంట్ల పేరయ్య అను తోళ్ల వర్తకుడు ఉండెను. యోగమార్గమున శాంతిని వెదకినవాడు. తోళ్ల బేరముమీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అచ్చట క్రీస్తు మాట వినెను. 1866లో బాప్తిస్మము పొందెను. ఆ మీదట అతని నోటిమాట చేత వేలమంది వచ్చిరి. బేరము కొరకు పోయినవాడు గదా, బేరము ముగించుకొని వచ్చివేయవచ్చును. ఎదుటి మనిషి మాటను నిలిచి వినుటయే అతడు చేసిన పని.

మన నల్లగొండకు వచ్చినవారు ఎవరు? 1889లో అబ్రాహాము ఫ్రీసెను, ఆయన భార్య మరియ ఇండియాకు ప్రయాణమైరి. వారు దొరలును కారు, ఇంగ్లీషువారును కారు. రష్యా దక్షిణ భాగమున, నేటి యుక్రెయిను దేశములో, గోధుమలు పండించుకొను జర్మను భాష మాటలాడు మెన్నోనైటు రైతు జనము. అమెరికను బాప్తిస్టు వారితో కలిసి నైజాము నేలమీద అడుగుపెట్టిరి. వారి వెనుక మరికొందరు వచ్చిరి. సూర్యాపేటలో అబ్రాహాము హూబర్టు పనిచేసెను. 1914లో యుద్ధము, 1917లో రష్యాలో విప్లవము రాగా అచ్చటి సంఘముల సహాయము తెగిపోయెను. వారు మనకిచ్చిన బడులను, గుడులను మనము చెప్పుకొందుము. అయితే ఎండ ఎట్లు తట్టుకొనవలెనో, బండి ఎచ్చట దాటవలెనో, దేవుని ప్రేమను తెలుగులో ఏ మాటతో చెప్పవలెనో వారికి నేర్పినవారు ఎవరు? మన పల్లెవారే. పెద్దవారు పసిపిల్లలవలె మాటలు నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు.

మన పొరుగున దోర్నకల్లు చూడుడి. అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి నాట పుట్టిన తమిళుడు. 1902లో సింహళములోని జాఫ్నాకు వెళ్లెను. అచ్చటి తమిళ క్రైస్తవులు సువార్త నిమిత్తము తమవారిని దూరమునకు పంపుట చూచి, ఎంతో పెద్దదియు పాతదియునైన తన సంఘము ఆ పని చేయుటలేదని సిగ్గుపడెను. ఆ సిగ్గులోనుండియే 1903లో తిరునెల్వేలి ఇండియను మిషనరీ సంఘము పుట్టెను. ఆయన జాఫ్నాకు వెళ్లకుండినయెడల ఆ సిగ్గు ఎచ్చట కలిగెడిది? ఇతరులను పంపి తాను ఊరకుండక, 1909లో ముప్పదియైదేండ్ల వయస్సున దోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చుకొని, మన అన్నము తినెను. 1912లో బిషపు ఆయెను. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి ఇండియను ఆయనయే. దక్షిణ ఇండియా సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడిలో కూర్చున్న వారిలోను ఆయన యుండెను. ఆ ఐక్యత 1947లో గాని కుదరలేదు. అంతకు రెండేండ్లకు పైగా ముందే ఆయన ప్రభువునందు నిద్రించెను.

ఇవి గొప్పవారి సంగతులు. ఇప్పుడు మా సంగతి చెప్పవలెను. చెప్పుటకు సంతోషముగా లేదు.

సూర్యాపేటకు కొంత దూరమున ఇటుకబట్టీలు గలవు. పంట కోతల తరువాత ఒరిస్సానుండి కూలి కుటుంబములు వచ్చి వేసవి చివరివరకు అచ్చట ఉందురు. ఒక క్రిస్మసు మరునాడు మేమును, మా సంఘ పెద్ద ఒకరును పాత బట్టలు మూటగట్టుకొని, తెలుగు కరపత్రములు పట్టుకొని అచ్చటికి వెళ్లితిమి. వారికి తెలుగు రాదను ఆలోచన మాకు కరపత్రములు పంచుచున్నప్పుడు గాని కలుగలేదు! ఒక తల్లి తన గుడిసె ముందర పచ్చి ఇటుకలు పేర్చి మమ్మును కూర్చుండబెట్టెను. ఒక గిన్నెలో నీళ్లుపోసిన చద్దన్నము, ఉల్లిపాయ, మిరపకాయ తెచ్చి మా ముందర పెట్టెను. మేము కడుపు తట్టి చూపి, తిని వచ్చితిమని సైగ చేసితిమి. తిని వచ్చుట నిజమే. తినకపోవుటకు కారణము అది కాదు.

పిమ్మట మేము ప్రార్థన చేసితిమి. యేసు నామము విని ఆమె మొగము మారెను. మేము ఆమెను అన్యురాలనుకొంటిమి. ఆమె కొంగు తలమీదికి లాగుకొని, తన భాషలో తానే ప్రార్థన మొదలుపెట్టెను. జీశు అను నామము, చివర ఆమెన్ అనుట, ఈ రెండు మాత్రమే మాకు తెలిసినవి. అయినను ఆమె చాలసేపు ప్రార్థించెను. కొంచెము తెలుగు వచ్చిన మేస్త్రి ఆ తరువాత చెప్పెను: ఆమె బట్టీ యజమాని కొరకు, తమకు బయానా ఇచ్చి తెచ్చినవాని కొరకు, మా ఇద్దరి కొరకు ప్రార్థించెనట. ఆ బట్టీల ప్రక్కనుండి మేము ఎన్ని యేండ్లు రాకపోకలు చేసితిమో లెక్కలేదు. బలిపీఠము ఎదుట నిలిచి ఒక్క ఆదివారమైనను వారి కొరకు ప్రార్థింపలేదు. బోధించుటకు పోయినవారము పాఠము నేర్చుకొని వచ్చితిమి. ఆ గిన్నెను తిరిగి పంపితిమన్న సంగతి మాత్రము ఇప్పటికిని గుచ్చుచున్నది.

మనము ఎత్తి పాడుకొను కీర్తనలలో అనేకములు వ్రాసిన పురుషోత్తము చౌదరిగారు పుట్టినది పర్లాకిమిడి ప్రాంతమున, ఆ ఒరియా దేశపు అంచుననే. పాట వచ్చిన దిక్కునుండి మనుష్యులు వచ్చినప్పుడు మనము గుర్తుపట్టలేదు.

కోదాడ వైపు సంఘములలో మరియొక విధము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన తరువాత కృష్ణా, గుంటూరు వైపునుండి కుటుంబములు వచ్చి పొలములు కొని నిలిచిరి. వారిలో క్రైస్తవులును గలరు. వారు మోకరించుచోట మనము నిలుచుందుము. మనము చప్పట్లు కొట్టుచోట వారు కన్నులు మూసికొందురు. యాసను గూర్చి ఇరుప్రక్కల ఎగతాళి గలదు. ఇది చిన్న సంగతి. పిల్లలు ఒక బడిలో చదివిన తరువాత చాలవరకు తగ్గినది. దీనిమీద ఎక్కువ వ్రాయము.

పెద్ద సంగతి వేరుగా ఉన్నది. ఒకే ఊరిలో రెండు పల్లెలు, రెండు గుడులు, ఒకే ప్రభువు. క్రిస్మసునాడు ఒక పందిరి క్రింద కూర్చుందుము, దండలు వేసికొందుము. జనవరి రాగానే ఎవరి పల్లె వారిది. ఈ పల్లె పెండ్లికి ఆ పల్లెవారు వత్తురు, కానుక చదివింతురు, విస్తరి వేయువేళకు పని యున్నదని వెళ్లిపోదురు. ఊరు మనలను దూరముగా ఉంచినదని కన్నీళ్లతో సాక్ష్యము చెప్పుదుము. మనము ఒకరినొకరము దూరముగా ఉంచుటను వాడుక అందుము. వీరిలో మేము ఎవరిని నిందించుటకును తగము. ఒక పల్లెలో టీ త్రాగి రెండవ పల్లెలో దాహము లేదని చెప్పిన బోధకులలో మేమును ఉంటిమి.

అందుకే గలతీ పత్రిక రెండవ అధ్యాయమును పైన చేర్చితిమి. తోళ్లవాని ఇంట ఉండి, కొర్నేలీ ఇంట తిని, యెరూషలేములో అందరి ఎదుట దానికి ఉత్తరము చెప్పిన ఆ పేతురే, అంతియొకయలో తనవారు కొందరు రాగానే భయపడి, అన్యులతో తినుచున్న పంక్తినుండి లేచి వెళ్లెను. అతనిని చూచి బర్నబా సహితము లేచెను. అంత దర్శనము చూచినవానికే అట్లాయెను! పౌలు అందరియెదుట అతనిని గద్దించెను. పేతురు ఏమి ఉత్తరమిచ్చెనో వ్రాయబడలేదు. మరల ఆ పంక్తిలో కూర్చుండెనని నమ్ముటయే మాకు ఇష్టము.

మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో బస్తాలు మోయు హమాలీలలో బీహారునుండి వచ్చినవారు అనేకులు. తల్లిదండ్రులను, పిల్లలను విడిచి నెలల తరబడి ఒక రేకుల గదిలో పదిమంది నిద్రించువారు. వారిలో క్రైస్తవులు ఉన్నారో లేదో మేము అడుగలేదు. మేము ముందుగా పోయి పలుకరించినప్పుడు, పని లేని ఆదివారము మధ్యాహ్నము రమ్మని వారే పిలిచిరి. ఈ నెల మూడవ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వెళ్లుదుము. రెండు పల్లెలనుండియు ముగ్గురేసి రావలెనని కోరుచున్నాము. పేతురు వెంట వెళ్లిన సహోదరులును ఆరుగురే. కరపత్రములు ఇంట ఉంచి రండి. వారు ఏ ఊరివారో, పిల్లలెందరో, ఏమి పండించెడివారో అడుగుడి. హిందీ రానివారు చేతులతో అడుగుడి. రొట్టెలు వారే కాల్చుదురట. మనము ఏమియు వండి తీసికొనిపోరాదు. ఎవరి పళ్లెము వారు తెచ్చుకొనవలెను.