అటక మీది వాద్యాలు

మన ఆర్మూరులో పసుపు కొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టి భద్రంగా దాస్తాం. పాత వాద్యాన్ని మాత్రం అటకెక్కించి మరచిపోతాం. ఆచార్య జయధీర్ తిరుమలరావు మరువలేదు. ఏళ్ల తరబడి ఊళ్లూ గూడేలూ తిరిగి జానపద, ఆదివాసీ వాద్యాలు సేకరించి, ‘ఆద్యకళ’ పేరుతో అందరి ముందుకూ తెచ్చారు. అయితే వాద్యాన్ని అద్దాల పెట్టెలో ఉంచడం ఒక్కటే చాలదు, అది మోగాలి. డప్పునే చూడండి, మంటకు కాచి చర్మం బిగిస్తే తప్ప సరిగా పలకదు! సొరకాయ బుర్రలు కట్టిన పన్నెండు మెట్ల కిన్నెర, కళాకారుడు దర్శనం మొగిలయ్య చేతిలో మోగింది కాబట్టే ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకూ అదే గౌరవం. మీ ఇంట తాతల నాటి తంబూరా, తాళాలు ఉంటే పాత సామాన్ల బండికి వేయకండి. వాయించగల పెద్దలుంటే ఒక్కపూట బడిపిల్లల ముందు కూర్చోబెట్టండి.