పర్యవేక్షకుడు ఎవరికి జవాబుదారి?



పినపాక మండలంలో వాగు అవతల ఒక గూడెం అనుకుందాం. పాత పూరిపాక విప్పేసి, ప్రక్కనే టార్పాలిన్ కట్టుకొని ఒక తల్లి ఇద్దరు పిల్లలతో ఉంటున్నది. ప్రభుత్వ ఇల్లు మంజూరయింది. బేస్‌మెంటు పూర్తయితే మొదటి విడత లక్ష రూపాయలు వస్తాయి. కాని ఒక మూల ఇంకా మిగిలి ఉన్నది, చేతిలో డబ్బు లేదు, మేస్త్రీ రావడం మానేశాడు. ఇళ్ల పనులు చూసే యువకుడు ఫోనుతో ఫొటో తీయడానికి వచ్చాడు. "అయిపోయిందని రాయి బిడ్డా, పైసలు పడంగనే పూర్తి చేస్త" అని ఆమె బ్రతిమాలుతున్నది. అతడు ఏమి చేయాలి?

"పేదరాలు కదా, రాసేస్తే ఏం పోతుంది?" అని మీలో కొందరు అంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఇందిరమ్మ పథకంలో, కట్టని ఇళ్లకు కూడా బిల్లులు చెల్లించారన్న ఆరోపణలపై 2014లో తెలంగాణ ప్రభుత్వం సి.ఐ.డి. దర్యాప్తుకు ఆదేశించింది. జాలితో రాసిన అబద్ధానికీ లంచానికి రాసిన అబద్ధానికీ కాగితం మీద తేడా కనిపించదు. జాలి తెరిచిన తలుపులోంచే దురాశ కూడా లోపలికి వస్తుంది. ఆ తరువాత నిజమైన పేదవాళ్లను కూడా అనుమానంతోనే చూస్తారు.

అయితే "రూల్ ఒప్పదమ్మా" అని బండి ఎక్కి వెళ్లిపోవడం ధర్మమా? అదీ కాదు. నన్ను వేధించే ప్రశ్న వేరు. నెల క్రితం ఈ యువకుడు ఎక్కడ ఉన్నాడు?

కొత్త ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న మన భద్రాచలంలోనే ప్రారంభించారు. సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షల రూపాయలు విడతలవారీగా ఇచ్చే పథకం అది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు అని హద్దు పెట్టారు. జీవితంలో ఒక్కసారి కట్టుకునే ఇల్లు, ఇంకొక గది ఉంటే బాగుండునని ఎవరికి ఉండదు? అలా హద్దు దాటి పునాది వేసుకున్న చోట్ల బిల్లులు ఆగాయి. తప్పు ఆ కుటుంబానిదే అనవచ్చు. కాని ముగ్గు పోసిన రోజున టేపు పట్టుకొని ఒక మనిషి ప్రక్కన నిలబడి ఉంటే, అయిదు నిమిషాల్లో తీరిపోయే తప్పు అది. బేస్‌మెంటు లేచిన తరువాత వచ్చి కొలిచేవాడు తప్పును పట్టుకోగలడు, అంతే. ఇంటిని కాపాడలేడు.

2025లో ఈ పథకానికి అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో తీసుకున్న సహాయక ఇంజనీర్లకు హైదరాబాదులోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లో శిక్షణ ఇచ్చారు. మంచి పనే. కొలతలు, సిమెంటు పాళ్లు, ఫోనులో నమోదు, ఇవి రావాలి. కాని చదువురాని తల్లికి విడతల లెక్క అర్థమయ్యేలా చెప్పడం, కోయ మాట రాకపోతే వచ్చినవాణ్ణి వెంట తీసుకెళ్లడం, "కాదు" అన్నప్పుడు "మరి ఎలా" అన్నది కూడా చెప్పడం, ఇవీ నేర్చుకోవలసిన విద్యలే. లండనులో ఆక్టేవియా హిల్ అనే మహిళ 1865లో మూడు చిన్న ఇళ్లతో పేదల అద్దె ఇళ్ల నిర్వహణ మొదలుపెట్టింది. అద్దె బకాయి విషయంలో ఆమె చాలా కఠినం. అయినా వారం వారం అద్దెకు వెళ్లినప్పుడే కారే కప్పునూ, విరిగిన మెట్టునూ చూసి బాగు చేయించేది. తనతో పనిచేసే స్త్రీలకు ఆ పని తన వెంట తిప్పుకొనే నేర్పింది.

ఇక ఆ యువకుని పైన ఉన్నవారి మాట. నిర్గమకాండం అయిదవ అధ్యాయం మరొకసారి చదవండి. ఫరో గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. అప్పుడు దెబ్బలు తిన్నది ఎవరు? మధ్యనున్న ఇశ్రాయేలు పనిపెద్దలు. వాళ్లు దొంగలెక్క రాయలేదు, క్రిందివారిని కొట్టి ఊరుకోలేదు. నేరుగా ఫరో దగ్గరకు వెళ్లి గడ్డి లేదని చెప్పారు. ఆ మాటకు వాళ్లకు దక్కింది సోమరులన్న నింద. ఇంతమందికి ఈ నెలలో బేస్‌మెంట్లు అయిపోవాలి అని లక్ష్యం పెట్టి, ఇసుక దొరుకుతుందా, వాగు దాటే దారి ఉందా అని అడగని అధికారి కూడా గడ్డి ఇవ్వని ఫరోయే. శిక్షణ అతనికి ముందు కావాలి. క్రిందివాడు నిజం చెప్పినప్పుడు వినడం అన్నది పై ఉద్యోగంతోపాటు దానంతటదే రాదు.

1987లో నిరాశ్రయుల అంతర్జాతీయ సంవత్సరం సందర్భంగా పరిశుద్ధ సింహాసనపు న్యాయ శాంతి సంఘం ఒక పత్రం వెలువరించింది. దాని పేరే ఒక ప్రశ్న, నిరాశ్రయుడైన నీ సోదరునికి ఏమి చేశావని. మన విచారణల్లో సివిల్ డిప్లొమా చదివి ఇటువంటి కొలువుల కోసం ఎదురుచూసే బిడ్డలున్నారు. ఆ ప్రశ్న వాళ్లకూ, వాళ్లను చదివించిన మనకూ చెందుతుంది.

ఆ గూడేనికి తిరిగి వెళదాం. అతడు "ఒక మూల మిగిలింది" అని ఉన్నదున్నట్టు రాయాలి. ఆ వెంటనే బండి ఎక్కకుండా, మేస్త్రీతో మాట్లాడాలి, పొదుపు సంఘంలో చిన్న అప్పుకు దారి ఉందేమో అడగాలి, మళ్లీ వచ్చే రోజు చెప్పి ఆ రోజున రావాలి. అలా చేస్తే ఒక పూట అక్కడే గడిచిపోతుంది. సాయంత్రం సమీక్షలో అతని పేరు ఎదుట ఆ రోజు పూర్తయిన ఇళ్లు సున్నా అని ఉంటుంది. పై అధికారి ఆ సున్నాను చూసి మొదట ఏమని అడుగుతాడు?