కరెంటు వాడకం – తోటి మనుషుల హక్కు

“మౌలానా! మస్జిదులో ఏ.సి.లు పెట్టిస్తున్నాం. బొగ్గు కరెంటు వల్ల భూమి వేడెక్కుతోందంటున్నారు. ఇందులో మనకేమైనా పాపముందా?” అని ఒక కమిటీ పెద్ద అడిగారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. కాని ఇది నవ్వి వదిలేయదగ్గ ప్రశ్న కాదు.

షరీఅతులో హక్కులు రెండు రకాలు: అల్లాహ్ హక్కులు, దాసుల హక్కులు. మొదటి వాటిలో లోపం జరిగితే తౌబా చేసుకుని క్షమాపణ ఆశించవచ్చు. రెండో వాటిలో, నష్టపోయిన మనిషికి నష్టం పూడ్చాలి, లేదా అతను మన్నించాలి. మరి నష్టపోయేది ఎవరో తెలియకపోతే? చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక యూనిట్ కరెంటుకు బొగ్గు వల్ల సుమారు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం 2014లో అంచనా వేసింది. గ్యాసుకు 490. సోలార్‌కు, పలకల తయారీ కలిపినా, 50 లోపే. జలవిద్యుత్తుకు 24, అణువిద్యుత్తుకు 12, గాలిమరలకు 11. ఈ వాయువులో కొంత భాగం వందల ఏళ్ళు గాలిలోనే ఉండిపోతుంది. దాని వేడికి పంట ఎండిపోయే రైతు ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. అతని గడప దగ్గరకు వెళ్ళి మన్నింపు అడగటమెలా?

అలాగని మిగతావి నిర్దోషమైనవేమీ కావు. శ్రీశైలం నీటి కింద సుమారు వంద గ్రామాలు పోయాయి. కర్నూలు సోలార్ పార్కులో 1000 మెగావాట్లకు దాదాపు 6 వేల ఎకరాలు పట్టాయి. అయితే అక్కడ నష్టపోయిన వారెవరో మనకు తెలుసు. పరిహారం సరిగా ఇచ్చామా లేదా అన్నది వేరే మాట, ఇవ్వటానికి దారైతే ఉంది. అణు వ్యర్థాలు మాత్రం వేల ఏళ్ళు కాపలా కాయవలసినవి. పొగ తక్కువే అయినా, ఆ బరువును అడగకుండా ముందు తరాల నెత్తిన పెట్టటానికి నా మనసు ఒప్పుకోదు. ఈ విషయంలో భిన్నాభిప్రాయానికి చోటుంది.

బొగ్గు గనులు రేపే మూసేయాలనటమూ న్యాయం కాదు. సింగరేణి మీద వేలాది ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది. ఒక నష్టాన్ని తొలగించటానికి అంతే నష్టం మరొకరికి చేయరాదన్నది ఫుఖహాల సూత్రం. మానుకోవటం మెట్టు మెట్టుగానే జరగాలి.

మస్జిదు కప్పు మీద సోలార్ పలకలు వేయించుకోమన్నాను. కాని జుహ్ర్, అస్ర్ ఎండలో వస్తాయి. ఇషా, ఫజ్ర్ చీకట్లో. రాత్రి తీగలో వచ్చేది చాలావరకు బొగ్గు కరెంటే. పగటి కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలే పిన్నాపురం వంటి పథకాలు పెరిగేదాకా ఇంతే. కాబట్టి పలకలు వేశాం, ఇక లెక్క తీరిందనుకోవద్దు.

ప్రవహించే నది ఒడ్డున కూడా వుజూలో నీళ్ళు వృథా చేయవద్దన్న భావం ఇబ్నె మాజా హదీసులో ఉంది. దాని సనదుపై ముహద్దిసుల చర్చ ఉన్నా, భావం దీన్‌కు పరాయిది కాదు. ఏ.సి. హరాం కాదు. జుమాకు హాలు నిండుతుంది, వేసుకోండి. ఫజ్ర్‌కు వచ్చే పదిమందికి ముందు వరుస మీది రెండు ఫ్యాన్లు చాలు. సలాం తర్వాత స్విచ్ తీసే బాధ్యత ముఅజ్జిన్ ఒక్కడిదే కాదు, ఆఖరున బయటికి వచ్చేవారిది కూడా అని బోర్డు మీద రాయించండి.