పక్షులను చూడబోవుట తగునా?

క్రిస్మసు పండుగ దాటిన తరువాత మా ప్రాంతపు యౌవనస్థులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. పులికాట్ సరస్సునకును నేలపట్టు చెరువునకును పక్షులను చూడబోవచ్చునా? ఈ మాట వినగానే కొందరు పెద్దలు ముఖము చిట్లింతురు. బస్సు చార్జీలకు సొమ్ము వ్యయమగును, ఒక దినపు కూలి పోవును, కొంగలు మన పొలములో లేవా అని వారి వాదము. దీనిని తేలికగా త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. రెక్కాడినగాని డొక్కాడని ఇంటిలో ఒక దినపు కూలి చిన్న సంగతి కాదు. అయినను ఈ ప్రశ్నను వాక్యపు వెలుగులో విచారింపవలసియున్నది.

ప్రియ చదువరులారా, మత్తయి సువార్త 6వ అధ్యాయము 26వ వచనము మీలో అనేకులకు కంఠస్థమే. ప్రభువు అక్కడ ఎవరితో మాటలాడుచున్నాడు? తీరికగల ధనవంతులతో కాదు. రేపటి అన్నమును గూర్చియు కట్టుకొను బట్టను గూర్చియు కలత చెందువారితో మాటలాడుచున్నాడు. చింతింపవద్దని చెప్పి, వెంటనే ఆయన వారికిచ్చిన పని పక్షుల తట్టు చూచుట. కాబట్టి పక్షులను చూచుట కడుపు నిండినవారి వినోదమని చెప్పువారు ఆ వచనమును మరియొకసారి చదువవలెను.

అయితే చూచుట అనగా నేమి? గూడబాతు అను పేరు మనకు క్రొత్తది కాదు. లేవీయకాండము 11వ అధ్యాయములో తినకూడని పక్షుల వరుసలో అది యున్నది. 102వ కీర్తనలో శ్రమనొందువాడు తన్ను దానితో పోల్చుకొనెను. పేరు ఎరిగినవారు వేలమంది, పక్షిని కన్నులార చూచినవారు కొందరే. సూళ్లూరుపేటకు ఉత్తరమున, దొరవారిసత్రము మండలములోనున్న నేలపట్టు చెరువు 1976లో పక్షుల రక్షిత స్థలముగా ఏర్పడినది. శీతకాలమున ఆ నీటిలో నిలిచిన కడప చెట్లమీద గూడబాతులు పుల్లలతో గూళ్లు కట్టి పిల్లలను పెంచును. తల్లి నోరు తెరువగా పిల్ల దాని గొంతు సంచిలోనికి తల దూర్చి చేపలను తినును. పాశ్చాత్య దేశముల పాత దేవాలయములలో గూడబాతు తన రొమ్ము చీల్చుకొని రక్తముతో పిల్లలను పోషించుచున్నట్లు చెక్కిన బొమ్మలు కలవు. అది క్రీస్తు బలికి గురుతని వారు తలంచిరి. తలంపు మంచిదే గాని పక్షి ఆలాగు చేయదు, చేపలే పెట్టును. మన ప్రసంగ పీఠములమీద కూడ ఇట్టి కథలకు కొదువ లేదు. గ్రద్ద ముసలిదై కొండకెక్కి, ముక్కును బండకు కొట్టి ఊడగొట్టుకొని, మరల యౌవనము పొందునని ఎన్నిమారులు వినలేదు? ముక్కు ఊడిన గ్రద్ద ఆకలితో చచ్చును. సృష్టికర్త చేసినదానిని ఉన్నది ఉన్నట్టుగా చూచుట కూడ సత్యమును ఘనపరచుటలో ఒక భాగమని మా అభిప్రాయము.

ఫ్లెమింగోల విషయమును అట్టిదే. పత్రికలు వాటిని రాజహంసలనుచున్నవి. అవి హంసలు కావు. సైబీరియా నుండి వచ్చునని పలువురు చెప్పుదురు గాని, మన దేశములోనే కచ్ రణ్‌లో అవి వేలకొలది మట్టి గూళ్లు కట్టి గ్రుడ్లు పెట్టును. పులికాట్‌లోని లోతులేని ఉప్పునీటిలో తలను తలక్రిందులుగా ముంచి, నీటిని ముక్కుతో వడగట్టి, సన్నని పురుగులను పాచిని తినును. ఆ గులాబి రంగు ఆ ఆహారమువలన కలుగునదే. పిల్లలు బూడిద రంగుతో పుట్టును. శ్రీహరికోట పోవు రోడ్డుమీద నిలిచి, ఒక గంటసేపు మౌనముగా చూచినవానికి ఇవన్నియు తెలియును. కేకలు వేసి రాళ్లు రువ్వి, అవి లేచిపోగా ఫోటో తీసికొనువానికి ఏమియు తెలియదు. గూళ్లున్నచోట ఈ అల్లరి మరింత పాపము. తల్లి లేచిన క్షణములో కాకి గ్రుడ్డును ఎత్తుకొనిపోవును.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి మిగిలియున్నది. పులికాట్ మన దేశములో చిలికా తరువాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు. దానిమీద పక్షులు మాత్రమే కాదు, జాలరులును యానాదులును బ్రదుకుచున్నారు. తమిళనాటి వైపు జాలరుల గ్రామములలో పాడు అను పాత పద్ధతి కలదు. వల వేయు చోటులను చీట్లు వేసి వంతులుగా పంచుకొందురు. సముద్రపు ముఖద్వారము ఇసుకతో పూడినప్పుడు నీరు తగ్గి చేప తగ్గును. అట్టి సంవత్సరమున వల ఖాళీగా ఎత్తినవాని ప్రక్కన నిలిచి, గూడబాతు చేప మింగుట ఎంత సొగసుగా నున్నదని మనము చెప్పవచ్చునా? ప్రభువు అదే వచనములో పక్షులకంటె మనుష్యులు శ్రేష్ఠులని కూడ సెలవిచ్చెను గదా.

కొల్లేటి సంగతి మన సంఘములలో అనేకులు ఎరుగుదురు. 1999లో ఆ సరస్సు అభయారణ్యమాయెను. 2006లో ప్రభుత్వము చేపల చెరువుల గట్లను కొట్టివేయించెను. గట్లు నీటి దారిని అడ్డగించి, అందరి సరస్సును కొందరి చెరువులుగా చేసినవి గనుక వాటిని తీయుట న్యాయమనియే మేము తలంచుచున్నాము. కాని గట్టుమీద కూలి చేసిన పేదవాని పొయ్యి కూడ ఆ దినమున ఆరెను. పక్షి బ్రదుకుటకు ఒకడు నష్టపోయినప్పుడు ఆ పక్షిని చూచి సంతోషించువాడు వానికి ఏమియు ఋణపడలేదని చెప్పుట మాకు సాధ్యము కాదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షి గూటిని గూర్చిన ఆజ్ఞ కలదు. పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని విడువవలెను. ఆకలిగొన్నవానికి అనుమతి కలదు, ఆ అనుమతికి హద్దును కలదు. నేలపట్టు రైతులకు ఈ లెక్క బాగుగా తెలియును. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు వారి వరికి ఎరువు.

కాబట్టి మేము యౌవనస్థులతో చెప్పినదేమనగా: వెళ్లుడి. ఆదివారపు ఆరాధన మాని వెళ్లుటకు మాత్రము ఒప్పుకొనము. అన్నము మూటలో తీసికొనిపోక ఆ ఊరివారియొద్దనే కొని తినుడి. పడవ నడుపువానితో బేరము పీకులాడవద్దు. వాని సరస్సు ఈ యేడు ఎట్లున్నదో అడిగి తెలిసికొనుడి. స్త్రీల సమాజమువారు కూడ రాగోరుచున్నారు, అది మాకు సంతోషము. సంక్రాంతి దాటిన తరువాత ఒక సోమవారము అనుకొన్నాము. కూలి పోవునని వెనుదీయు ఇండ్ల పిల్లల చార్జీలు ఎవరు ఇయ్యవలెనన్నది మాత్రము పెద్దల కూటములో ఇంకను తేలలేదు.