ఊరిని నిలబెట్టిన చెట్టు

ఇథియోపియా చక్రవర్తులకు చాలాకాలం రాజధాని అంటే గుడారాల ఊరు. చుట్టుపక్కల వంటచెరకు అయిపోతే సైన్యంతో సహా మరో చోటికి తరలిపోయేవారు. అడిస్ అబాబాకూ అదే గతి పట్టవలసింది. 1886లో ఎంటోటో కొండ మీది చలి పడక, కింద వేడినీటి ఊటల దగ్గర ఇల్లు కావాలని రాణి తైతు కోరింది. ఆమె భర్త, రాజు మెనెలిక్ చోటిచ్చాడు. ఆ ఇంటి చుట్టూ ఊరు పెరిగింది, పదిహేనేళ్లు తిరక్కుండానే కొండలు బోడులయ్యాయి. 1900 నాటికి మెనెలిక్ పడమటివైపు అడిస్ అలెం అనే కొత్త రాజధాని పని మొదలుపెట్టించాడు కూడా.

ఆ తరలింపును ఆపింది ఒక ఆస్ట్రేలియా చెట్టు. మనం జామాయిల్ అంటామే, ఆ జాతిదే. 1890ల్లో తెచ్చి నాటారు. నరికితే మొదట్లోంచి మళ్లీ చిగుర్చి, కొన్నేళ్లకే కోతకొస్తుంది. పొయ్యిలోకి కట్టె, కప్పుకు వాసం రెండూ దొరికాయి. నేలలోని నీరంతా తాగేస్తుందన్న ఫిర్యాదు అక్కడా ఉంది, మన జామాయిల్ తోటల దగ్గరా ఉంది. అయినా ఊరు నిలిచింది.

1896లో అడ్వా దగ్గర ఇటలీని ఓడించిన దేశపు రాజధాని అనీ, 1963లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టిన చోటనీ అడిస్ అబాబాను గౌరవిస్తారు. ఆ గౌరవం దానికి దక్కవలసిందే. నా మనసు మాత్రం ఎంటోటో బాటల మీదికే పోతుంది. అక్కడ తరాలుగా పేద ఆడవాళ్లు ఎండుకొమ్మలూ ఆకులూ ఏరి, తాళ్లతో మోపు కట్టి, వీపు మీద అడ్డంగా వేసుకుని, నడుం వంచి కిందికి దిగుతుంటారు. 30 కిలోలు దాటే బరువు. ఆ ఆకు భగ్గున మండుతుంది. పులిసిన టెఫ్ ధాన్యపు పిండిని వెడల్పాటి మట్టిపెనం మీద గుండ్రంగా పోసి ఇంజెరా రొట్టె కాల్చడానికి అలాంటి మంటే కావాలి. చెట్టు ఊరిని నిలబెట్టిందని అంటాం గానీ, ఆ చెట్టును ఊళ్లోకి మోసినవి ఈ వీపులు.

కదిలే రాజధాని దారిపొడుగునా రైతుల గాదెలు ఖాళీ చేసేది. అయినా ఏదో ఒకనాటికి నేలను వదిలిపోయేది. నిలిచిన రాజధాని వదలదు. ఆ ఊటల చుట్టూ ఒకప్పుడు ఒరోమో ప్రజల పచ్చికబయళ్లుండేవి. వాళ్లకు ఆ చోటు ఇప్పటికీ ఫిన్‌ఫిన్నే. నగరాన్ని చుట్టుపక్కల ఒరోమో పల్లెల్లోకి విస్తరించే ప్రణాళిక మీద 2014లో విద్యార్థులు తిరగబడ్డారు, తర్వాత రైతులూ కలిశారు. కాల్పుల్లో ఎందరో చనిపోయాక, 2016 జనవరిలో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. వాళ్లు అభివృద్ధికి అడ్డుపడ్డారన్న మాట నేను ఒప్పుకోలేను. ఒకసారి రాజధానికి నేల పోగొట్టుకున్న జనాన్ని, మళ్లీ పొలం గట్టు దాకా నగరం వస్తుంటే ఊరుకొమ్మని ఏ న్యాయంతో అడుగుతాం?