లెక్కగట్టిన దుఃఖము

కవి తన దుఃఖమును లెక్కగట్టి కావ్యమునకు వాడుకొనవచ్చునా? ఆ దుఃఖమునకు కారణమైన మనిషి ఇంకను బ్రతికి, ప్రక్కగదిలో దగ్గుచున్నప్పుడు కూడ వాడుకొనవచ్చునా? అమెరికను కవి ఎడ్గార్ ఎలన్ పో జీవితము ఈ ప్రశ్నను అడిగినంత నిర్దయగా మరి యే కవి జీవితమును అడుగలేదేమో.

1845 జనవరిలో న్యూయార్కు పత్రిక యొకదానిలో వెలువడిన 'ది రేవెన్' అను కావ్యము ఆతనికి ఒక్కసారిగా పేరు తెచ్చెను. 1846 ఏప్రిలులో, 'గ్రేహమ్స్ మాగజైన్' అను పత్రికలో, ఆ కావ్యమును తానెట్లు రచించెనో వివరించుచు ఒక వ్యాసము ప్రకటించెను. ఆవేశమును పూనకమును అందు పనిచేయలేదట. గణితసమస్యను సాధించినట్లు మెట్టుమెట్టుగా దానిని సాధించెనట. మొదట నిడివి: ఒక్క మారు కూర్చుండి చదివి ముగింపదగినట్లు సుమారు నూరు పాదములు. (పూర్తియైన కావ్యమున 108 పాదములున్నవి. భారతీయ పాఠకునకు జపమాల తలపునకు రావచ్చును. ఆ కవికి వచ్చియుండదు.) పిదప స్వరము: విషాదము. పిదప మాటిమాటికి తిరిగివచ్చు ఒకే పదము, దానిని అర్థము తెలియక పలుకుచుండు ఒక ప్రాణి. ముందు చిలుకను తలచి, విషాదమునకు తగదని బొంతకాకిని ఎన్నుకొనెను. ఇక వస్తువు: సుందరియైన స్త్రీ మరణమును మించిన కవితావస్తువు లేదనియు, దానిని చెప్పుటకు ఆమెను కోల్పోయిన ప్రియుని నోరే తగినదనియు నిశ్చయించెను.

ఈ వ్యాసము అచ్చైన నాటికి ఆతని భార్య వర్జీనియా క్షయరోగముతో కృశించుచున్నది. 1836లో వివాహమునాటికి ఆమె వయస్సు 13 ఏండ్లు, ఆతనిది 27. 1842 జనవరిలో ఒకనాడు పాడుచుండగా ఆమె గొంతునుండి రక్తము వచ్చెను. నాటినుండి ఐదేండ్లు ఆమె కోలుకొనుట, రోగము తిరుగబెట్టుట. మరణముకంటె ఆశకును నిరాశకును నడుమ ఆ ఊగులాటయే తనకు మతి చెడగొట్టినదని, ప్రతిమారును ఆమె చనిపోయినంత బాధయు పడితినని, తరువాత ఒక పాఠకునకు వ్రాసిన లేఖలో ఆతడు చెప్పుకొనెను. మూడేండ్లు నిండకమునుపే తల్లిని పోగొట్టుకొన్నవాడు. చేరదీసిన రిచ్‌మండు వర్తకుడు చట్టరీత్యా దత్తత చేసికొనలేదు. ఆయన యింటిపేరు మాత్రము ఈతని పేరునడుమ నిలిచినది. కోల్పోవుట ఈతనికి ఊహించి తెలిసికొనవలసిన విషయము కాదు.

కావుననే ఆ వ్యాసము కొందరికి బూటకముగా, కొందరికి కాఠిన్యముగా తోచినది. కావ్యము పూర్తియైన పిదప అల్లిన కథయే అందు చాల కలదనుట నిజము కావచ్చును. కాఠిన్యమను మాట మాత్రము అంత తేలికగా అనదగినది కాదు. క్రౌంచపక్షి వధను చూచిన వాల్మీకి శోకమే శ్లోకమైనదని ఆనందవర్ధనుడు చెప్పగా, ఆ శోకము ముని సొంత శోకమని తలపరాదని అభినవగుప్తుడు 'లోచనము'న హెచ్చరించెను. ముని తానే దుఃఖార్తుడైనచో అచట రసమునకు తావులేదు. ఆ దూరము వాల్మీకికి సహజముగా లభించినది. ఈ అమెరికను కవి దానిని అంకెలతో కొలిచి కట్టుకొనవలసి వచ్చినది.

అయితే ఈ సమాధానము కావ్యమును కాపాడునేగాని భర్తను కాపాడదు. క్రౌంచము అప్పటికే నేలకూలినది. వర్జీనియా కూలలేదు.

ఆమెయు ఒక పద్యము వ్రాసెను. 1846 ఫిబ్రవరి 14న, అనగా భర్త వ్యాసమునకు రెండు నెలలు ముందు. దాని పాదముల తొలి యక్షరములను కూర్చి చదివినచో భర్త పూర్తి పేరు వచ్చును. లోకుల నోళ్లకు దూరముగా ఒక చిన్న యిల్లు కావలెననియు, ప్రేమయే తన ఊపిరితిత్తులకు మందు కాగలదనియు అందలి కోరిక. లెక్కపెట్టి వ్రాయుట హృదయములేని పనియే యైనచో, అక్షరమక్షరము లెక్కించిన ఈమెను ఏమనవలెను? దోషము లెక్కలో లేదు. ఆమె లెక్క రేపటికొరకు. ఆతని లెక్కలో ఆమె అప్పటికే భూతకాలము. ఆ కావ్యమును ఆమె ఎట్లు చదివియుండునో తలచినవారెవ్వరును కవిని పూర్తిగా క్షమింపలేరు. పూర్తిగా నిందింపను లేరు. ఆతడు మరణించిన పిదప ఆతని నీతిని విచారణకు పెట్టిన రూఫస్ గ్రిస్వోల్డు, అందుకొరకు ఆతని లేఖలనే మార్చి అచ్చువేయించెను. తీర్పు చెప్పు తొందర ఎంతవరకు పోగలదో దానివలన తెలియును.

ఆ యేడే ఫోర్డ్‌హామ్ గ్రామమున వారికొక చిన్న యిల్లు దొరకెను. చలికాలమున అచటికి వచ్చిన ఒక రచయిత్రి తాను చూచినది వ్రాసియుంచెను. గడ్డిపరుపుమీద వర్జీనియా పరుండియున్నది. పైన భర్త పెద్దకోటు, రొమ్మున ఒక పిల్లి. వెచ్చదనమునకు అవిగాక వేరే సాధనము లేదు. తల్లి ఆమె పాదములను, భర్త ఆమె చేతులను పట్టుకొని కూర్చుండెడివారు. 1847 జనవరి 30న ఆమె మరణించెను.